ఒకటికి డెబ్బై రెండు

స్కేల్ మోడల్ కిట్ చేతికి రాగానే మొదట చేసే పని అతికించడం కాదు, కొలవడం. 1/72 స్కేలు అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. హెచ్.ఎ.ఎల్. కిరణ్ పొడవు 10.6 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 10.7. ఆ లెక్కన బొమ్మ పొడవు 147 మిల్లీమీటర్లు, వెడల్పు 149కి కాస్త అటూ ఇటూగా రావాలి. నా బల్ల మీదున్న రెజిన్ కిట్‌లో రెక్కలు సరిపోయాయి. పొడవు మాత్రం రెండు మిల్లీమీటర్లు తగ్గింది. ఆ తగ్గిందంతా ముక్కు దగ్గరే అనిపిస్తోంది. తేల్చుకుందామంటే నాకు దొరికిన డ్రాయింగులు రెండే, ఆ రెండూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవు.

అదే స్పిట్‌ఫైర్ అయితే ఈ గొడవే లేదు. ఏ రకానికి ఏ రివెట్ ఎక్కడుందో చెప్పే పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. కిరణ్‌కి ఆ భాగ్యం లేదు. 1964 సెప్టెంబరులో బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. రూపకల్పన వి.ఎం. ఘాటగే బృందానిది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, మన దుండిగల్ అకాడమీలో ఎందరో కుర్రాళ్ళు పక్క సీట్లో గురువుని కూర్చోబెట్టుకుని జెట్ నడపడం దీన్లోనే నేర్చుకున్నారు. సూర్యకిరణ్ బృందం 1996 నుంచి 2011 దాకా ఎరుపూ తెలుపూ రంగుల్లో విన్యాసాలు చేసింది దీని మార్క్ 2 మీదే. జనానికి గుర్తున్న వైభవం అంతవరకే. పాఠం చెప్పే విమానం యుద్ధకథల్లోకి ఎక్కదు. యుద్ధకథలు చదివి పెరిగినవాళ్ళే ఎక్కువగా మోడళ్ళు కొంటారు కాబట్టి కిట్‌గా కూడా తొందరగా రాదు.

పెద్ద కంపెనీలు ప్లాస్టిక్ కిట్లకి ఉక్కు అచ్చులు చేయిస్తాయి. ఆ ఖర్చు రాబట్టాలంటే వేలల్లో అమ్ముడుపోవాలి. కిరణ్ లాంటి వాటి మీద మోజు పడ్డ ఒకరిద్దరు మాత్రం మూలరూపాన్ని చేత్తో చెక్కి, దాని చుట్టూ సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, అందులో రెజిన్ పోస్తారు. కొన్ని పదుల ముక్కలు తీసేసరికి ఆ రబ్బరు పాడైపోతుంది. రెండొందల కాపీలు వేసి స్నేహితులకి పంచుకునే కవిత్వ సంపుటి లాంటి వ్యవహారం ఇది. తప్పులు వెతికేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అలాగని తప్పులు చెప్పకుండా ఊరుకోకూడదు కూడా.

కాబట్టి చెప్తాను. పనిముట్ల పానెల్ ముచ్చటగా ఉంది, గడియారాలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. రెక్క అంచుల్లో గాలి బుడగలు. ఎడమ రెక్క కాస్త వంగి వచ్చింది, వేణ్ణీళ్ళలో ముంచి సరిచేస్తే నిలబడింది. పైనుండే పారదర్శకపు మూత రెండు కాపీలిచ్చాడు. కత్తిరించేటప్పుడు ఒకటి పాడవుతుందని ముందే ఊహించిన పెద్దమనిషి! మామూలు ప్లాస్టిక్ జిగురు రెజిన్‌కి పనికిరాదు, సూపర్ గ్లూ కావాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కులో సీసం పెట్టడం మరిచిపోతే మూడు చక్రాల మీద నిలబడకుండా తోక మీద చతికిలబడుతుంది.

ఇక ముక్కు సంగతి. మా బాబాయి దుండిగల్‌లో పదకొండేళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేశాడు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. అతికించిన బొమ్మ చేతికిచ్చి, ముక్కు పొట్టిగా ఉందా అని అడిగాను. ఆయన ముక్కు వైపు చూడనే లేదు. బొమ్మని వెల్లకిలా తిప్పి పొట్ట చూశాడు.

“ముక్కు సంగతి నాకేం తెలుస్తుందిరా? నేను చూసిందంతా కింద పడుకునే కదా.”

తర్వాత చిటికెనవేలి గోటితో ఒకచోట గీత గీశాడు. “ఇక్కడో మూత ఉండాలి. అది తీసి పెట్టేసరికి నడుం పడిపోయేది. నీ బొమ్మలో లేదేం?”

నిజమే, లేదు. నా దగ్గరున్న ఫోటోల్లోనూ లేదు. ఎయిర్ షో ఫోటోల్లో పొట్ట కనిపిస్తుంది గానీ, మూతలు కనపడేంత దగ్గరగా కాదు. నేలమీదున్నప్పుడు ఫోటోలు తీసేవాళ్ళు పక్కన నిలబడి తీస్తారు, కింద దూరి కాదు. ఈ బొమ్మ చెక్కిన మనిషికి దొరికింది ఫోటోలే. ఫోటోల్లో ఉన్నంత మేరకి చాలా నిజాయితీగా చెక్కాడు. మిగతాది బాబాయి లాంటివాళ్ళ చేతుల్లో ఉంది, వాళ్ళని ఎవరూ అడగలేదు.

మొదటిసారి మోడల్ కట్టేవాళ్ళు ఈ కిట్ జోలికి పోవద్దు. నాలుగైదు కట్టి, ఓపిక ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు, అచ్చు పాడవకముందే. నా మటుకు నేను ముక్కుని అలాగే వదిలేస్తున్నాను. ఆ రెండు మిల్లీమీటర్లు పుట్టీతో పూడ్చడం కష్టమేం కాదు, కానీ ఏ డ్రాయింగుని నమ్మి పూడ్చాలి? దాని బదులు బాబాయి చెప్తుంటే పొట్ట కింది మూతలన్నీ కొలతలతో సహా కాగితం మీద గీస్తున్నాను. ఆ తర్వాత వాటిని సూదితో రెజిన్ మీద చెక్కాలి. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. పదిహేనోది చక్రం గూటికి ముందా వెనకా అన్నది మాత్రం తేలలేదు. బాబాయికీ, బీదర్‌లో ఉండే ఆయన పాత సహోద్యోగికీ ఫోన్‌లో ఇంకా వాదన నడుస్తోంది.