ఎవరి ఉప్పు?

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ప్రబంధ నాయికలను గురించో, శతక వాఙ్మయాన్ని గురించో మేము వ్రాస్తామని వారు భావించి ఉంటారు. ఈసారి మాత్రం మన్నించాలి. విద్యార్థులతో ఎన్నడూ చెప్పని మా స్వవిషయం ఒకటి ఉన్నది. తెలుగు పాఠం చెప్పుకొనే మేము 2020వ సంవత్సరం వేసవిలో కొంతకాలం కిరాయి సైనికుని వృత్తిలో ఉన్నాము. నవ్వవచ్చు, మేమూ మొదట నవ్వుకొనే ఆ పనికి పూనుకొన్నాము.

ఆ మార్చిలో కళాశాలలు మూతపడినవి. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఇల్లు చేరి, ఇంటి నుండే పని చేయసాగాడు. పుస్తకం ముందు పెట్టుకొని గోడను చూస్తూ కూర్చున్న మమ్మల్ని చూచి జాలిపడ్డాడు కాబోలు, "అన్నయ్యా, కాసేపు ఆకాశంలో తిరిగి రా" అని మా లాప్‌టాప్‌లో ఒక ఆటను ఎక్కించాడు. దాని పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ అనే సంస్థ దానిని 2003 మే నెలలో ప్రారంభించింది. 2016 నుండి మూల్యం చెల్లించకుండానే ప్రవేశించే వెసులుబాటు కల్పించారు. అందుచేత మా జేబుకు చిల్లు పడలేదు. మనస్సుకు పడిన చిల్లును గురించే ఈ వ్యాసం.

ఆ ఆటలోని విశ్వం పేరు న్యూ ఈడెన్. ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలు అందులో ఉన్నవి. ఇతర క్రీడలలో వలె ఆటగాళ్ళను వేర్వేరు ప్రతిరూపాలలోకి పంచక, దేశదేశాలవారినీ ఒకే విశ్వంలో కలిపి ఉంచడం దాని ప్రత్యేకత. గ్రహశకలాలను తవ్వి ఖనిజం తీసేవారు, దానితో ఓడలు కట్టేవారు, సరుకు మోసేవారు, దారి కొట్టేవారు, అందరూ మనుష్యులే. అక్కడి ద్రవ్యం పేరు ఇస్క్. ఐస్లాండ్ నాణెమైన క్రోనాకు వ్యవహారంలో ఉన్న సంకేతమే అది. ధ్వంసమైన ఓడ మరల రాదు. వారాల శ్రమ ఒక్క నిమిషంలో బూడిద కావచ్చు. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో ఇరవై గంటలకు పైగా సాగిన మహాసంగ్రామంలో టైటాన్లనే అతి పెద్ద ఓడలు 75 నేలకూలినవి. ఒక స్థావరంపై ఆధిపత్యానికి కట్టవలసిన రుసుము సకాలంలో చెల్లకపోవడమే ఆ యుద్ధానికి నిప్పురవ్వ అయింది. నష్టాన్ని నిజమైన డబ్బులో లెక్కకట్టినవారు మూడు లక్షల డాలర్లన్నారు.

అక్కడ చట్టం లేకపోలేదు. భద్రత గల మండలాలలో అకారణంగా ఒకని ఓడను పేల్చితే కాంకర్డ్ అనే రక్షకభట దళం వచ్చి, పేల్చినవాని ఓడను పేల్చివేస్తుంది. అది శిక్షిస్తుందే కాని రక్షించదు. పైగా ఒక సంఘం మరొక సంఘంపై నిర్ణీత రుసుము చెల్లించి యుద్ధం ప్రకటిస్తే, ఆ రెండింటి నడుమ ఆ దళం జోక్యం చేసుకోదు. ఈ వెసులుబాటులో నుండే కిరాయి సైనికులు పుట్టుకొచ్చారు. తమకు పోరాడే శక్తి లేనివారు డబ్బిచ్చి, తమ శత్రువుపై వారిని ఉసికొల్పుతారు. కిరాయి యుద్ధానికి ఇచ్చిన మాటను నిలబెట్టే యంత్రాంగం అప్పట్లో ఆ ఆటలో లేదు. మోసపోయితినని మొరపెట్టుకొంటే ఆట నిర్మాతలు నష్టాన్ని పూడ్చరు. కాబట్టి కిరాయి సైనికునికి ఫిరంగి కన్న పేరు ముఖ్యం. కూలి పుచ్చుకొని పని చేయలేదన్న అపవాదు ఒక్కసారి వస్తే మరల పిలిచేవారుండరు.

మాకు యుద్ధం రాదు. రెండు ఓడలు పోగొట్టుకొన్న తరువాత, మమ్మల్ని వెంటాడి పేల్చినవారితోనే మాటలు కలిపాము. వారు ఎనిమిదిమంది గల చిన్న దండు. నాయకుడు ఐరోపావాసి, అసలు పేరు మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. "నీకేమీ రాదు కాబట్టే నీతో పని ఉంది" అన్నాడు ఆయన. ఒక ఖనిజ సంఘం తన పోటీదారును ఆ మండలం నుండి వెళ్ళగొట్టమని వారికి కిరాయి ఇచ్చింది. పోటీ సంఘంలోనికి ఒక వేగు కావాలి. పాత ఆటగాని పూర్వచరిత్రను ఎవరైనా తిరగవేసి చూడవచ్చు. కొత్తవానికి చరిత్రే ఉండదు. మా పేరు తమ పట్టికలో చేర్చుకోకుండానే మమ్మల్ని పనిలో పెట్టుకొన్నారు. జీవితంలో మొదటిసారి మా అజ్ఞానమే మా అర్హత అయింది.

ఇట్టి వేగుతనానికి అక్కడ ఘనమైన పూర్వోదాహరణ ఉన్నదని కూడా మాకు చెప్పారు. గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే కిరాయి దండు ఒక సంఘంలో సుమారు ఏడాదిపాటు నమ్మకస్థులుగా మెలగి, 2005లో ఒకే ముహూర్తాన దాని నాయకురాలి ఓడను పేల్చి గిడ్డంగులను ఊడ్చుకొనిపోయింది. ఆ కథ పత్రికలకెక్కింది. మేము కౌటిల్యుని గూఢచారులను తలచుకొని కొంత గర్వపడ్డాము కూడా.

ఏప్రిల్ చివర రంజాన్ నెల ప్రవేశించింది. ఐరోపావారి సాయంకాలం మనకు నడిరాత్రి. తరావీహ్ నమాజు ఇంటిలోనే ముగించుకొని, సహరీ వేళ వరకు మేము ఆ సంఘంలో గడిపేవారము. వారు మమ్మల్ని ఒక్క మాటతో చేర్చుకొన్నారు. వారిలో ఒక పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసినవాడినని తానే చెప్పాడు, మాకు వెంచర్ అనే చిన్న గని ఓడను ఉచితంగా ఇచ్చాడు. ఏ రాయిలో ఏ ఖనిజముంటుందో, అపాయం వస్తే ఎటు తప్పుకోవాలో ఓపికగా నేర్పాడు. ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగినా విసుగుకొనలేదు. మేము మా తరగతిలో అంత ఓపికగా ఉన్న దినాలు వ్రేళ్ళమీద లెక్కించవచ్చు.

మూడు వారాలు గడిచినవి. మా దండు యుద్ధం ప్రకటించింది. ప్రకటించిన ఇరవైనాలుగు గంటలకు గాని యుద్ధం మొదలు కాదు. మరునాటి రాత్రి, ఏ గ్రహం దగ్గర ఏ శిలావలయంలో వారు తవ్వుతున్నదీ మేము మా నాయకునికి తెలియజేశాము. నాలుగు నిమిషాలలో అంతా ముగిసింది. పెద్దాయన ఓర్కా అనే పెద్ద ఓడలో ఉన్నాడు. అది అందరి ఖనిజాన్ని మోసే ఓడ, నెలల కష్టార్జితం. మావాళ్ళు దానిని కదలనీయక పట్టివేసి పేల్చారు. మా వెంచర్‌ను మాత్రం ఉద్దేశపూర్వకంగానే పోనిచ్చారు.

రేవు చేరగానే పెద్దాయన నుండి సందేశం వచ్చింది. ఆయన తన ఓడను గురించి ఒక్క మాట అనలేదు. "నువ్వు క్షేమంగా బయటపడ్డావా? ఓడ పోతే చెప్పు, మరొకటి ఇస్తాను" అని మాత్రమే అడిగాడు. సరిగా అదే సమయానికి మా వాటా కూలి మా ఖాతాలో జమ అయింది.

సహరీకి లేచిన మా అమ్మ మా ముఖం చూచి ఏమైందని అడిగింది. ఆటను గురించి ఆమెకు తెలియదు, కథగా చెప్పాము. తప్పు చేయలేదని నిరూపించుకోవాలని మా ఆరాటం. "అమ్మా, కూలి పుచ్చుకొన్నాక నమ్మకంగా పని చేశాము. ఉప్పు తిన్న విశ్వాసం చూపించాము" అన్నాము. మా అమ్మ రొట్టె కాలుస్తూనే, "సరే నాయనా, మరి ఆ ఓడ ఇచ్చినాయనది ఉప్పు కాదా?" అంది.

మా చదువంతా ఆ ప్రశ్న ముందు నిలువలేదు.

కిరాయికి పోరాడటమే నీచమని మేము అనము. హైదరాబాదులో నిజాముల కొలువుకు వచ్చిన అరబ్బు సైనికుల నివాసమే నేటి బార్కస్. ఫ్రెంచి దేశీయుడైన రేమండ్ కూడా కూలికి వచ్చిన సేనానియే. 1798లో ఆయన మరణిస్తే, సమాధి కట్టి గౌరవించారు. మూసారాంబాగ్ అనే పేరులో ప్రజలు ఆయనను నేటికీ నిలుపుకొన్నారు. తిన్న ఇంటిని ఆయన అమ్ముకొని ఉంటే ఆ పేరు నిలిచేదా? కూలి పుచ్చుకోవడంలో సిగ్గు లేదు. అయితే కిరాయివాని లెక్కల పుస్తకంలో రెండే పేర్లుంటవి: డబ్బిచ్చినవాడు, తాను. తనను నమ్మినవాని పేరు వ్రాసుకొనే గడి అందులో ఉండదు.

ఆ రాత్రి మాకు మరొక ముఖం కూడా జ్ఞాపకం వచ్చింది. ఈ కళాశాలకు రాకపూర్వం మేము మరొక ఊరిలో పీరియడుకింత అని లెక్కగట్టి ఇచ్చే అతిథి అధ్యాపకుని పని చేశాము. ఒకనాటి సాయంత్రం గంట కొట్టిన తరువాత ఒక విద్యార్థిని ఛందస్సులో సందేహం అడుగవచ్చింది. ఆ గంట తరువాతి కాలానికి మాకు కూలి లేదు. "పీరియడు అయిపోయిందమ్మా" అని సంచి తగిలించుకొని వచ్చివేశాము. ఆ అమ్మాయి మరల ఏ సందేహమూ అడుగలేదు. మేము కిరాయి సైనికులమైనది 2020లో కాదని అప్పుడు తెలిసింది.

మరునాడు పెద్దాయనకు ఉన్నదున్నట్లు వ్రాసి, మా కూలి అంతా ఆయన పేర పంపి, సంఘం నుండి తొలగిపోయాము. అది ఓర్కా వెలలో ఏ మూలకూ రాదు. ఆయన నుండి ప్రత్యుత్తరం రాలేదు. రావాలని కోరే అధికారం మాకు లేదు.

విద్యార్థి మిత్రులారా, రేపు మీరందరూ ఎవరో ఒకరి వద్ద జీతానికి చేరుతారు. జీతమిచ్చినవారికి ద్రోహం తలపెట్టవద్దని అందరూ చెబుతారు, మేమూ చెబుతున్నాము. కాని జీతమివ్వకుండానే మిమ్మల్ని నమ్మేవారు కొందరుంటారు. వారి ఉప్పు కంటికి కనబడదు. దానిని కూడా లెక్కలో వ్రాసుకొనండి.

మా తమ్ముడు ఆ ఆటను తీసివేయబోతే వద్దన్నాము. ఆ వెంచర్ ఏదో నక్షత్రం దాపున రేవులో అట్లాగే ఉన్నది. నడపలేదు, అమ్మలేదు. ఈ కళాశాలలో మాత్రం, గంట కొట్టిన తరువాత సందేహంతో వచ్చినవారిని మేము మరల పంపివేయలేదు. ఇకముందు ఎవరినైనా అట్లా పంపివేస్తే, ఈ వ్యాసం తెచ్చి మా బల్లమీద పెట్టండి.