డెన్మార్క్ హిల్‌లో పశ్చిమ గోదావరి

దక్షిణ లండన్‌లో డెన్మార్క్ హిల్ స్టేషన్ దిగి కాస్త నడిస్తే ఒకవైపు కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి, దానికెదురుగా మాడ్‌స్లీ. హెన్రీ మాడ్‌స్లీ అనే మానసిక వైద్యుడు 1907లో 30 వేల పౌండ్లు ఇస్తానంటే లేచిన ఆసుపత్రి అది. కట్టడం పూర్తయ్యేసరికి యుద్ధం. ముందు సైనికులు వచ్చారు, మామూలు జనానికి తలుపులు తెరుచుకున్నది 1923లో. ఆ పక్కనే కింగ్స్ కాలేజీవారి మానసిక వైద్య పరిశోధన సంస్థ.

నేను వెళ్లింది ఇంప్లిమెంటేషన్ సైన్స్‌లోకి కొత్తగా వచ్చిన పరిశోధకులకు పెద్దలెలా దారి చూపిస్తున్నారో చూడ్డానికి. మంచిదని తేలిన చికిత్స జనం దాకా ఎందుకు రావడం లేదన్నదే ఈ శాస్త్రం గొడవ. పరిశోధనల్లో తేలినవాటిలో 14 శాతమే, అదీ 17 ఏళ్లకు, రోగికి అందుతోందని 2000లో ఒక లెక్క వచ్చింది. ఈ రంగంలో ఎవరిని కదిపినా ముందు అదే చెబుతారు.

చిన్న గది. పీహెచ్‌డీ ముగించి ఏడాదైన తెలుగమ్మాయి, ఎదురుగా ఆమె మెంటర్. డిప్రెషన్ ఉన్నవాళ్లకు నర్సులు ఫోన్‌లో ధైర్యం చెప్పే పథకం రాసుకొచ్చింది. గణాంకాల పేజీలు ఆయన గబగబా తిప్పేశారు. ‘నర్సు వారానికోసారి ఫోన్ చేస్తుంది’ అన్న వాక్యం దగ్గర మాత్రం పెన్సిల్ ఆగింది. ఏ నర్సు? ఆ అరగంట కోసం ఆవిడ ఏ పని పక్కన పెట్టాలి? ఫోన్ ఎత్తకపోతే మళ్లీ చేసేదెవరు? ముప్పావుగంట ఆ ఒక్క వాక్యం మీదే గడిచింది.

ఆయన ఆమె గైడ్ కారు, వేరే విభాగం మనిషి. అందుకే కాంట్రాక్టు అయిపోతే ఏం చేయాలన్న బెంగ కూడా ఆయన ముందు పెట్టగలిగింది. గైడుతో ఆ మాట ఎత్తడం ఎక్కడైనా కష్టమే.

మాటల్లో మన పశ్చిమ గోదావరి వచ్చింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ అక్కడ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో గిరిజన గ్రామాల్లో మొదలుపెట్టిన ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మనసు సంగతి అడిగారు. అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరుకూ ట్యాబే సలహా ఇచ్చింది. ఇదంతా ఆశాలకున్న బాలింతలు, టీకాల పనికి అదనం. పెన్సిల్ ఆగిన ప్రశ్న అక్కడా అదే.

నాకు నచ్చనిది ఒకటుంది. పేపర్లకు, గ్రాంట్లకు ఉన్న లెక్క ఇలాంటి ముప్పావుగంటలకు ఉండదు. పెద్దల మంచితనం మీద నడిచే ఏర్పాటు, వాళ్లకు తీరిక లేని ఏడు ఆగిపోతుంది. ఆ అమ్మాయి మాత్రం వచ్చే సోమవారం నుంచి ఒక క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుని, నర్సులకు ఖాళీ ఎప్పుడు దొరుకుతుందో రాసుకోబోతోంది.