అయిదువందల కార్ల నియమం



పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే రోజుల్లో నన్ను ఎంతో ఆకర్షించిన కారు అమెరికాకు చెందిన డాడ్జ్ ఛార్జర్ డేటోనా. దాని ముక్కు పొడవుగా, కొసగా ఉంటుంది. తోకపై దాదాపు రెండడుగుల ఎత్తున రెక్క ఉంటుంది. విమానం రెక్క పైకి లేపితే, ఈ రెక్క కారు వెనుక భాగాన్ని రోడ్డుకు అదిమి పెడుతుంది.

1969లో నాస్కార్ పందేల్లో ఫోర్డ్ కార్లను ఓడించడానికి డాడ్జ్ కంపెనీ దీనిని తయారుచేసింది. అయితే పందెం కోసం ఒక్క కారు చేసుకొస్తే అప్పట్లో నాస్కార్ ఒప్పుకునేది కాదు. అలాంటివి కనీసం 500 తయారుచేసి మామూలు జనానికి అమ్మకానికి పెట్టాల్సి ఉండేది. డాడ్జ్ అలాగే చేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో టాలడేగాలో జరిగిన తొలి పందెంలోనే ఈ కారు గెలిచింది. 1970 మార్చి 24న అక్కడే బడ్డీ బేకర్ దీనిని గంటకు 200 మైళ్లు, అంటే సుమారు 322 కిలోమీటర్ల వేగం దాటించాడు. 1971లో ఇంజను పరిమాణం తగ్గించే నిబంధన రావడంతో రెక్కల కార్ల కాలం ముగిసింది.

నాకు ఆ వేగం కన్నా ఆ నియమమే నచ్చింది. మా బ్యాచ్‌లో ఒకరికి ర్యాంకు వస్తే పేపర్లో ఫోటో వేశారు. పదో తరగతి తప్పి ఇంటికి వెళ్లిపోయిన మా గది మిత్రులు ముగ్గురి గురించి ఎవరూ అడగలేదు. ఒక్క కారు చూపి పందెంలోకి వెళ్లలేనప్పుడు, ఒక్క ర్యాంకు చూపి హాస్టల్ గొప్పదని ఎలా అంటాం?

కాబట్టి లెక్కలు వచ్చినవాడు రానివాడి పక్కన కూర్చోవాలి. చివరి బెంచీ తమ్ముడు కూడా పాసైన రోజే మనకు అసలైన వార్షికోత్సవం.