బుడమేరు దిగాక

హెర్న్‌డన్, వర్జీనియా
22 సెప్టెంబరు 2024

వదినా,

మొన్న నువ్వు పంపిన ఫోటో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మంచం మీద ఆరబెట్టిన రేషన్ కార్డు, పెళ్లి ఫోటోలు, అమ్మాయి పదో తరగతి మెమో. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా మెమో మీద పోపులడబ్బా మూత పెట్టావు. బురద మరక మార్కుల దాకా పాకింది. వెనక గోడ మీద, ఫ్రిజ్ ఎత్తున, నీళ్లు నిలిచిన గీత.

ఒకటో తారీకు ఆదివారం మీకు తెల్లవారేసరికి మాకింకా శనివారం రాత్రే. 'నీళ్లు మెట్లెక్కుతున్నాయి' అని పెట్టావు, ఆ తర్వాత ఫోను మూగబోయింది. మర్నాడు టీవీలన్నీ ప్రకాశం బ్యారేజీనే చూపించాయి, 11 లక్షల 43 వేల క్యూసెక్కులని. విజయవాడలో మీ సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం గండ్లు పడ్డ బుడమేరు వాగు. ఆర్మీ వాళ్లు దిగి, ఏడో తారీకున మూడో గండి పూడ్చారని విన్నాకే ఇక్కడ మాకు అన్నం సయించింది.

అదే రోజు మా కాలనీ ఆడవాళ్లం కూర్చున్నాం. ఖమ్మం ఆవిడ మాట్లాడలేకపోయింది. మున్నేరు వాళ్ల అమ్మావాళ్ల ఇంట్లోకీ వచ్చిందట. ఒకరు చీరలూ దుప్పట్లూ పోగుచేద్దామన్నారు. నేను వద్దని గట్టిగానే చెప్పాను. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014లో, కట్టిన మూటలు నెలల తరబడి గ్యారేజీలోనే పడున్నాయి. పంపించాలంటే బట్టల ఖరీదు కన్నా రవాణా ఖర్చే ఎక్కువ. దివిసీమ ఉప్పెన సంగతి మా అమ్మమ్మ చెప్పేది. 1977 నవంబరులో ఉప్పెన వచ్చాక ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగిన రోజులవి. లారీల్లో బట్టలొచ్చాయి గానీ, వండుకోవడానికి గిన్నె లేక ఆవిడ చాలా అవస్థ పడిందట. ఆ గిన్నె మాట నేను ఎన్నటికీ మర్చిపోను.

అందుకే పులిహోర చేసి అమ్మాం. ఇరవై కిలోల బియ్యం, చింతపండు పిసికి పిసికి చేతులు మండాయి. డబ్బా పది డాలర్లు. మా ఎదురింటి తెల్లావిడ నాలుగు కొని, బుడమేరు అంటే ఏమిటని అడిగి, చెప్పిందంతా నిలబడి విన్నది. కొందరి కంపెనీలు, ఉద్యోగి ఎంతిస్తే తామూ అంత కలుపుతామన్నాయి. అయితే ఆ డబ్బు మనకి తోచిన మనిషి చేతిలో పెట్టడానికి వీల్లేదు, గుర్తింపు ఉన్న సంస్థకే ఇవ్వాలి. అక్కడ తీసుకునే సంస్థకి విదేశీ విరాళాలకిచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి, ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఆ నిబంధనలు తప్పని అనను. కానీ బురద కడుక్కునే వాళ్లు ఆ కాగితాలన్నీ అయ్యేదాకా ఎలా ఆగుతారు? అందుకని కంపెనీలు కలిపే డబ్బు సంస్థ ద్వారానే పంపి, పులిహోర డబ్బు మాత్రం విడిగా ఉంచాం. అది నీ చేతికే పంపుతాం.

అన్నం పొట్లాలు, పాలూ పడవల్లో వచ్చాయి, డ్రోన్లతోనూ దించారు. వీధుల్లో బురద ఫైరింజన్లు కడిగాయి. ఆ నాలుగు రోజులూ లోకమంతా మీవైపే చూసింది. నా దిగులంతా ఇప్పటి గురించే. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. అది పరుపులకా, మిక్సీకా, ఫ్రిజ్‌కా, దేనికి సరిపోతుంది? ఇక్కడ అప్పుడే కొందరు దసరా సంబరాల మాటల్లో పడ్డారు. వాళ్లని తప్పుపట్టను గానీ, నేనైతే నెలనెలా వసూలు చేస్తూనే ఉంటాను, సంక్రాంతి దాకా.

నువ్వు ఒక్క పని చెయ్యి. మీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏం పోయిందో రాయి. కుట్టుమిషనో, ఇస్త్రీ బండో, పిల్లల పుస్తకాలో. సిగ్గుపడి చెప్పని వాళ్లని నువ్వే గమనించు. అద్దెకుండే వాళ్లని మర్చిపోకు.

మీ ఇంటి పక్క ఆటో అబ్బాయి ఇంజన్లోకి నీళ్లు పోయాయన్నావుగా. మెకానిక్ ఎంత అడుగుతున్నాడో రేపే కనుక్కుని చెప్పు. ముందు ఆ బండి రోడ్డెక్కాలి.

నీ
ఆడపడుచు