అట్ట మారిన పుస్తకం

పుస్తకానికి విలువ దేనివల్ల వస్తుంది? ఈ ప్రశ్నకు సాహిత్య విద్యార్థి ఒక సమాధానం చెబుతాడు, పాత పుస్తకాలు సేకరించేవాడు మరొకటి చెబుతాడు, కాగితాలు తూకానికి కొనేవాడు మూడోది చెబుతాడు. ఎవరి మేరకు వాళ్ళు సరిగ్గానే చెబుతారు. ఒకరి సమాధానాన్ని ఇంకొకరి మీద రుద్దినప్పుడే చిక్కు వస్తుంది. ప్రథమ ముద్రణల సేకర్తలకు రీబైండు చేసిన పుస్తకం రుచిస్తుందా అన్నది పైకి చాలా చిన్న విషయం. డబ్బున్నవాళ్ళ సరదాకు సంబంధించిన ఈ చర్చ మనకెందుకని అభ్యుదయ సాహిత్య పాఠకులు అనుకోవచ్చు. మనకెందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను పనిచేసే కళాశాలలో నిరుడు గ్రంథాలయానికి చోటు చాలక, పాత పుస్తకాలు ఏరివెయ్యడానికి ఒక సంఘం వేశారు. తెలుగు శాఖ తరఫున నేనూ అందులో ఉన్నాను. ఆ సంగతి తెలిసి పాత తెలుగు పుస్తకాల సేకర్త ఒకాయన వచ్చాడు. రెండు రోజులు ఓపికగా బీరువాలన్నీ వెతికి, పద్దెనిమిది పుస్తకాలు విడిగా పెట్టి, వాటికి మంచి ధర ఇస్తానన్నాడు. 1950కి ముందు అచ్చయినవి ఇంకా మూడువందల పైచిలుకు ఉన్నాయి. వాటిని తెరిచి చూసి మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. ‘‘రీబైండండీ మాస్టారూ! అసలు అట్ట పోయింది, అంచులు కోసేశారు. వీటినెవరూ కొనరు’’ అన్నాడు. ఆ మాట సంఘంలో తీర్పులాగా పనిచేసింది. తెలిసినవాడే విలువ లేదన్నాడు గనక విలువ లేనట్లేనని, వాటిని తూకానికి వేసెయ్యవచ్చునని పెద్దలు తేల్చారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో సంఘంలో పావుగంటలో చెప్పవలసి వచ్చింది. ఇక్కడ కాస్త తీరుబడిగా చెబుతాను.

ముందు ఆ సేకర్త పక్షం చూద్దాం. ఆయన మూర్ఖుడు కాడు, తన వ్యసనాన్ని బాగా చదువుకున్నవాడు. ఆయన పాటించే నియమం ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ తయారైన నియమం. అక్కడ 1820ల దాకా ప్రచురణకర్తలు పుస్తకాలను విడి కాగితాలుగానో, తాత్కాలికమైన అట్టలతోనో అమ్మేవారు. కొనుక్కున్న దొర తన తాహతునుబట్టి తోలుతో కట్టించుకునేవాడు. కాబట్టి ఆ కాలపు పుస్తకానికి ‘అసలు అట్ట’ అన్న మాటకే అర్థం లేదు. సుమారు 1825 నుంచీ ప్రచురణకర్తలే గుడ్డ అట్టలు వేసి, ప్రతులన్నీ ఒకే తీరుగా మార్కెట్టుకు పంపడం మొదలైంది. పుస్తకం యంత్ర పరిశ్రమలో తయారైన సరుకుగా మారిన తరువాతే, అది ఫ్యాక్టరీ గడప దాటినప్పుడు ఎలా ఉన్నదో అలాగే ఉండాలన్న కోరిక పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ కోరిక అట్టమీది కాగితపు తొడుగు దాకా పాకింది. 1925 నాటి ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ తొలి ముద్రణకు తొడుగు ఉంటే ఒక ధర, లేకపోతే అందులో ఎన్నో వంతు. లోపలి నవల మాత్రం అక్షరం తేడా లేకుండా అదే.

ఇది ఉత్త చాదస్తమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. అసలు అట్ట ఒక సాక్ష్యం. దాన్ని విప్పితే ఆ పుస్తకంలో ఏయే కాగితాలు మొదటినుంచీ ఉన్నాయో, ఏవి మధ్యలో చేరాయో చెప్పడం కష్టం. థామస్ జె. వైజ్ కథ ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆయన తన కాలంలో ఇంగ్లండులోకెల్లా పేరున్న సేకర్త, ప్రథమ ముద్రణల మీద అధికారి అనిపించుకున్నవాడు. 1934లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అనే ఇద్దరు యువకులు కాగితంలోని నారనూ, అచ్చక్షరాలనూ పరీక్షించి, ప్రథమ ముద్రణలుగా చెలామణీ అవుతున్న అనేక చిన్న పుస్తకాలు దొంగవని రుజువు చేశారు. వాటి వెనుక ఉన్నవాడు వైజే. అంతకన్న ఘోరం 1950లలో డేవిడ్ ఫాక్సన్ పరిశోధనలో బయటపడింది. బ్రిటిష్ మ్యూజియంలోని పాత నాటకాల ప్రతుల నుంచి పుటలు చింపి, లోపాలున్న తన ప్రతులలోనూ, తాను అమ్మే ప్రతులలోనూ అతికించి, వాటికి అందమైన తోలు అట్టలు వేయించాడు. ప్రజల సొత్తయిన గ్రంథాలయం నుంచి దొంగిలించిన పుటను కొత్త బైండు కప్పిపెట్టింది. సేకర్త రీబైండును చూసి అనుమానపడుతున్నాడంటే, అది తన కులవృత్తి నేర్పిన అనుమానమే!

అయితే ఇదే నియమాన్ని ఇంకాస్త ముందుకు లాగి చూడండి. పూర్వం పుస్తకాల కాగితాలు మడతలు విడదీయకుండానే వచ్చేవి. చదివేవాడు కత్తితో మడతలు కోసుకుంటూ చదివేవాడు. ఈనాటికీ మడతలు కోయని ప్రతి దొరికితే చాలామంది సేకర్తలకు పండగే. మడతలు కోయలేదంటే దాన్ని పుట్టింది లగాయతు ఒక్కరూ పూర్తిగా చదవలేదన్నమాట. పుస్తకం పుట్టిన ప్రయోజనం ఎంత తక్కువగా నెరవేరితే దానికి అంత ధర! సరుకులో ఉపయోగ విలువ, వినిమయ విలువ ఒకదానికొకటి ఎలా ఎదురు తిరుగుతాయో విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే ఇస్తుంటాను.

ఆ సూత్రం చెప్పిన గ్రంథానికీ ఈ గతి తప్పలేదు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటం 1867లో హాంబర్గులో మైస్నర్ ప్రచురణగా వెయ్యి ప్రతులు అచ్చయింది. మార్క్సు తన మిత్రుడు ఎక్కారియుస్‌కు సంతకం చేసి ఇచ్చిన ప్రతి 2016లో లండన్ వేలంలో రెండు లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఎక్కారియుస్ దర్జీపని చేసుకు బతికిన కార్మిక నాయకుడు. ఆయన చేతిలో ఆ పుస్తకం ఒక పనిముట్టు. వేలం శాలలో అది పెట్టుబడి. సరుకు మీద కమ్మే మాయను విప్పి చెప్పిన పుస్తకాన్ని ఆ మాయే కమ్మింది. అయినా ఆ ప్రథమ ముద్రణకు వేలంతో నిమిత్తం లేని విలువ ఒకటున్నది. విలువ రూపాన్ని గురించిన చర్చ అందులో ఒకసారి గ్రంథంలోనూ, మళ్ళీ అనుబంధంలోనూ ఉన్నది. రెండో ముద్రణకు మార్క్సు దాన్ని తిరగరాశాడు. ఆయన ఆలోచన సాగిన దారి తెలుసుకోదలచినవాడికి తొలి ముద్రణ కావలసిందే. ఆ ప్రతికి ఏ రంగు అట్ట ఉంటేనేం?

ఇక మన దేశానికి వద్దాం. ఇంగ్లండులో పుట్టిన కొలత తెలుగు పుస్తకానికి సరిపోతుందా? మన పాత పుస్తకాలు అధికభాగం పలచని కాగితపు అట్టతో, అడ్డంగా తీగ కుట్టుతో వచ్చినవి. కొన్నవాడు ఒక్కడు, చదివినవారు పదిమంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. ఊరూరా పఠనమందిరాలు లేచాయి. ఒక పుస్తకం వందమంది చేతులు మారితే ఆ కాగితపు అట్ట ఎన్నాళ్ళు నిలుస్తుంది? అందుచేత గ్రంథాలయ నిర్వాహకుడు పుస్తకం రాగానే, లేదా మొదటి అట్ట ఊడగానే, బైండుకు పంపేవాడు. అట్ట చెక్కుచెదరకుండా మిగిలిన తెలుగు పుస్తకమంటే సాధారణంగా ఏ జమీందారు బీరువాలోనో తాళం వేసి ఉన్న పుస్తకమే. రీబైండు అయినదంటే జనం చదివిన పుస్తకం. మన సేకర్త పక్కన పెట్టిన పద్దెనిమిదింటిలో చాలావాటి వెనుక తేదీల చీటీలు ఖాళీగా ఉండడం నేను చూశాను. కాదన్నవాటిలో కొన్నింటికి చీటీ మీద చీటీ, మూడేసి అంటించి ఉన్నాయి.

మా ఊళ్ళో బైండు పని చేసే వృద్ధుడొకాయన ఉన్నాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. పాత కుట్టు విప్పి, ఫారాలు విడదీసి, చిరిగిన మడతలకు సన్నకాగితం అంటించి, మళ్ళీ దారంతో కుట్టి, వెన్నుకు గుడ్డ వేసి, అట్ట బిగిస్తాడు. మైదా ఉడికించిన జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాడు. తరువాత బరువు కింద ఒక రాత్రి ఉంచుతాడు. ఒక్కొక్క పుస్తకం మీద ఇంత శ్రమ ఉన్నది. రచయిత పేరు ముఖపత్రం మీద ఉంటుంది, ముద్రాపకుడి పేరు వెనుక ఉంటుంది, బైండరు పేరు ఎక్కడా ఉండదు. ఆయన తండ్రి కుట్టిన పుస్తకాలు మా గ్రంథాలయంలో డెబ్భై ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి. విలువ తగ్గించాడని సేకర్త అంటున్నది ఈ శ్రమనే.

ఆ మూడువందల పుస్తకాలు ఎందుకుండాలో సాహిత్య చరిత్ర చెబుతుంది. ‘కన్యాశుల్కం’ 1897లో ఒకసారి, 1909లో మరోసారి వెలువడింది. రెండోది ఎంతగా మారిందంటే దాన్ని కొత్త నాటకమే అనవచ్చు. గురజాడ పన్నెండేళ్ళలో ఎంత దూరం నడిచాడో తెలియాలంటే రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదవాలి. 1969లో బంగోరె మొదటి కన్యాశుల్కాన్ని తిరిగి అచ్చువేయించగలిగాడంటే, దాని ప్రతి ఎక్కడో బతికి ఉండబట్టే. ఉన్నవ ‘మాలపల్లి’ 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వం నిషేధానికి గురయింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన తరువాతగాని పూర్తి విముక్తి దొరకలేదు. అటువంటి పుస్తకానికి ఏ ముద్రణలో ఏమున్నదో, ఏది తీసేశారో తేల్చేది అచ్చయిన పుటే, అట్ట కాదు.

ఇవన్నీ ఇంటర్నెట్టులో ఉన్నాయిగదా అని సంఘంలో ఒక మిత్రుడన్నాడు. కొన్ని ఉన్నమాట నిజమే, అది చాలా మేలు కూడా చేసింది. కాని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో జరిగిన స్కానులలో పుటలు తప్పిపోయినవీ, సగం వంకరగా వచ్చినవీ ఎన్నో చూశాం. ఆ లోపం పూరించడానికి మళ్ళీ కాగితపు ప్రతి దగ్గరకే పోవాలి. ఆ ప్రతి అప్పటికి పొట్లాలు కట్టడానికి పోయి ఉంటే ఎవరిని అడుగుతాం?

ఇంతవరకూ బైండరు పక్షం మాట్లాడాను. సేకర్త దగ్గర మనం నేర్చుకోవలసింది కూడా ఒకటున్నది. మన గ్రంథాలయాలు బైండుకు పంపేటప్పుడు పాత కాగితపు అట్టనూ, చివరి ప్రకటనల పుటలనూ చెత్తకింద పారేయించాయి. ఆ అట్ట మీద వెల ఉండేది, ప్రతులు దొరికే చోట్లు ఉండేవి, అదే ప్రచురణకర్త వేసిన ఇతర పుస్తకాల జాబితా ఉండేది. ఒక నవల వెల అణాలలో ఎంతో తెలిస్తే, దాన్ని కొనగలిగినవాడెవడో ఊహించవచ్చు. పాఠకవర్గాన్ని గురించి మనం రాసే వ్యాసాలకు అంతకన్న గట్టి ఆధారం లేదు. అంచులు సమంగా రావాలని కటింగు మిషనులో పెడితే, పక్కన పెన్సిలుతో రాసిన పాఠకుల మాటలు సగానికి తెగిపోయాయి. ఇది బైండరు తప్పు కాదు. ఆయనకు ఏం చెప్పారో అది చేశాడు. పుస్తకమంటే రచయిత వాక్యాలు మాత్రమేనని అనుకున్న మన చదువు తప్పు. అట్టనే పూజించే సేకర్త ఒక కొసన ఉంటే, అట్టను చెత్తలో పారేసిన పండితుడు ఇంకో కొసన ఉన్నాడు.

అందుచేత సంఘంలో నేను అడిగినవి మూడే. మొదటిది, ఆ పుస్తకాలను జాబితా రాయకుండా ఒక్కటి కూడా బయటికి పంపరాదు. రెండోది, మన దగ్గర ఉన్నది ఏ ముద్రణో చూసి, జిల్లాలో మరోచోట ఆ ముద్రణ లేకపోతే దాన్ని ఉంచి తీరాలి. మూడోది, ఇకముందు బైండుకు పంపే ప్రతి పుస్తకానికీ పాత అట్టను లోపల పెట్టి కుట్టించాలి, అంచులు కొయ్యకూడదు. మూడోదానికి అందరూ ఒప్పుకున్నారు, ఖర్చు లేదు గనక. మొదటిదానికి ఎవరు రాస్తారని అడిగారు. నేనూ, ఎం.ఏ. విద్యార్థులు నలుగురూ రాస్తామన్నాం. ఇప్పటికి నూట నలభై పూర్తయ్యాయి. రెండోది ఇంకా వాదంలోనే ఉన్నది. సేకర్త కోరిన పద్దెనిమిదీ అమ్ముడయ్యాయి. ఆ డబ్బుతో ఇనుప బీరువా కొన్నారు.

ప్రథమ ముద్రణల సేకర్తకు రీబైండు పుస్తకం నచ్చదు. అపురూపమైనదైతే, వేరే ప్రతి దొరకదని తెలిస్తే, ధర తగ్గించి తీసుకుంటాడు. ఆయన లెక్కలో అది సబబే. ఆయన ఇంట్లో ఏ పుస్తకం ఉండాలో ఆయన తేల్చుకోవచ్చు. కాని ప్రజల డబ్బుతో కొన్న పుస్తకం ఉండాలో పోవాలో ఆ లెక్కనుబట్టి తేలరాదు. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నేను చేసే మనవి ఒక్కటే. మీ కళాశాల గ్రంథాలయంలో వెనుక వరస బీరువా ఒకటి ఉంటుంది. నల్లటి కాలికో అట్టలు, వెన్ను మీద చేత్తో రాసిన అంకెలు. దాని తాళం ఎవరి దగ్గర ఉన్నదో కనుక్కోండి. తూకం మనిషి రాకముందే ఆ పుస్తకాల ముఖపత్రాలు తిరగెయ్యండి.