ఓడ చెప్పిన రోజే ప్రయాణం

ప్రయాణం మాట ఎత్తగానే కాగితం తీసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఏడుంపావుకి ఇడ్లీ, తొమ్మిదింటికి జైలు, పదకొండింటికి మ్యూజియం, ఒంటిగంటకి భోజనం, ఐదింటికి సూర్యాస్తమయం, దాని పక్కనే బ్రాకెట్లో ‘ఇరవై నిమిషాలు’. సూర్యుడికి కూడా టైమిచ్చేశారన్నమాట. మొన్న మా తోడల్లుడు సరిగ్గా ఇలాంటి కాగితమే వాట్సాప్‌లో పంపాడు. ‘అండమాన్, ఐదు రాత్రులు ఆరు పగళ్లు. అన్నయ్యగారూ, మీరూ కలిస్తే గ్రూపు డిస్కౌంటు వస్తుంది’ అని. నేను అండమాన్ మీద మనసుపడిన సంగతి మా ఆవిడ వాళ్ల చెల్లెలికి చెప్పింది. ఆ చెల్లెలి దగ్గర ఆగిన కబురు ఇంతవరకూ లేదు.

డిస్కౌంటు సంగతి తర్వాత. అసలు ఆయన అండమాన్ వేరు, నా అండమాన్ వేరు. అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా దీవులు, నీళ్లలోంచి తల పైకెత్తిన రాళ్లతో సహా, సర్కారు లెక్కన 836. మనుషులుండేవి 31. ఆయన కాగితంలో ఉన్నవి మూడు. ఆ మూడూ ఊళ్లో అందరూ వెళ్లొచ్చినవే. ఫ్రిజ్‌ల మీద వాటి అయస్కాంతాలు కూడా అతికించుకున్నారు. నేను పటం కొని భోజనాల బల్ల మీద పరిచి, ఆ మూడింటి మీదా ఉప్పుడబ్బా, ఆవకాయ జాడీ, మంచినీళ్ల చెంబు పెట్టేశాను. మిగిలినవాటిలోనే నా ప్రయాణం. పైన లాంగ్ ఐలండ్, దాని పక్కనే రంగత్, ఇంకా పైకి మాయాబందర్, దిగ్లిపూర్. కిందకి వస్తే డంకన్ జలసంధి దాటాక లిటిల్ అండమాన్, దాని రేవు హట్ బే. నికోబార్ వైపు చూపు పోయింది గానీ, అక్కడికి గిరిజన ప్రాంతపు అనుమతి కావాలి. చూడ్డానికొచ్చామంటే ఇచ్చేది కాదది. ఇవ్వకపోవడమే మంచిది కూడా.

‘రెండు గంటల విమానం ఉండగా ఓడెందుకండీ?’ అని అడిగేవాళ్లు నాకు రోజుకొకరు తగులుతున్నారు. విశాఖపట్నంలో ఉంటూ ఈ ప్రశ్న అడగడానికి మొహం ఎలా చెల్లుతుందో నాకు తెలీదు. ఇది ఓడలు కట్టే ఊరు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో ఇక్కడ తన సింధియా కంపెనీ షిప్‌యార్డుకి పునాది వేయించాడు. స్వతంత్రం వచ్చాక ఇక్కడ కట్టిన ‘జల ఉష’ని 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి నీళ్లలోకి దింపాడు. తర్వాత అది హిందూస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కానీ సిటీ బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ ‘సింధియా, సింధియా’ అనే అరుస్తాడు. అండమాన్‌కి జనాన్ని చేరవేసే ‘స్వరాజ్ ద్వీప్’ ఓడ కూడా ఇక్కడ కట్టిందే. మన ఊళ్లో కట్టిన ఓడ మన రేవులోంచి బయల్దేరుతుంటే, మనం చెన్నై పోయి విమానమెక్కి వాడిచ్చే సాండ్‌విచ్ తినాలిట!

ఓడంటే తీరిక కావాలి, నిజమే. విశాఖ నుంచి అక్కడికి రెండున్నర రోజులు పడుతుంది. చెన్నై, కలకత్తాల నుంచి ఓడలు కాస్త తరచుగానే ఉంటాయి. మన దగ్గర్నుంచి నెలకొకటి ఉంటే ఉన్నట్టు. అడుగున బంక్ క్లాసు, పైన క్యాబిన్లు, ఇంకా పైన డీలక్సు. నా ఓటు బంకుకే. అందులో వెళ్లేవాళ్లు షికారుకెళ్లేవాళ్లు కారు, ఇంటికెళ్లేవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి చేపలవేటకీ, కూలికీ, కొలువులకీ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు బోలెడు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, అక్కడ తెలుగు వినపడడం ఇవాళ్టి సంగతి కాదు. తెలుగు మీడియం బడి కూడా ఉంది. పెళ్లికని వచ్చి, అప్పడాలూ ఎండుచేపలూ మూటగట్టుకుని తిరిగెళ్లే ఆ జనం మధ్య రెండున్నర రోజులు కూర్చుంటే, ఏ దీవిలో ఎవరింట్లో దిగాలో రేవు చేరకముందే తేలిపోతుంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరని తెల్లవాడు అండమాన్ జైలుకి పంపించింది ఈ సముద్రం దాటించే. ఆయన బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఆ నీళ్లని మేఘాల మీంచి, అదీ కునికిపాట్లు పడుతూ దాటడం నాకు చేతకాదు.

అక్కడికి చేరాక మొదలవుతుంది అసలు కథ. మామూలుగా మనం ముందు సెలవు పెట్టి, తర్వాత టికెట్టు కొంటాం. ఆ దీవులకి అలా కుదరదు. ముందు ఓడ, దాన్నిబట్టి సెలవు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరే సర్కారు ఓడల వేళలు కొద్ది రోజుల ముందు మాత్రమే తెలుస్తాయి. తెలిశాక కూడా అవి మారవని ఎవరూ మాటివ్వరు. సముద్రం పోటెత్తితే మారతాయి, ఇంజనుకి జబ్బు చేస్తే మారతాయి. హట్ బే దాదాపు 120 కిలోమీటర్లు. ఓడని బట్టి, అలని బట్టి ఆరు గంటలో ఎనిమిది గంటలో. లాంగ్ ఐలండ్ 80 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడికి రోజూ ఓడ ఉండదు. ఉన్న రోజున వెళ్లాలి, మళ్లీ వచ్చిన రోజున ఎక్కాలి. మధ్యలో ఎన్ని రోజులొస్తే అన్ని రోజులుండాలి. ఇంతకన్నా హాయైన నియమం నేను వినలేదు. ఉన్నన్నాళ్లూ ‘ఇవాళ బయల్దేరదామా, రేపా’ అని ఇంట్లో తగువు పడక్కర్లేదు. నిర్ణయించేవాడు కనపడని ఆఫీసులో ఎక్కడో ఉన్నాడు.

ఇందులో తెలుసుకోవలసిన తెలివి కొంచెమే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త మర్యాదగా ఉంటుంది. ఆ దీవులకి నైరుతి వానా ఈశాన్యపు వానా రెండూ తగులుతాయి కాబట్టి మిగతా కాలాన్ని నమ్మడానికి లేదు. ఆఖరి దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగొచ్చే రోజుకీ, ఇంటికి బయల్దేరే రోజుకీ మధ్య రెండు మూడు ఖాళీ రోజులుంచుకోవాలి. చేతిలో నగదు ఉంచుకోవాలి. వాంతుల మాత్ర ఓడ కదిలాక కాదు, కదలకముందే వేసుకోవాలి. తూర్పున ఉన్న దీవులకీ గడియారం మాత్రం మనదే కనుక, డిసెంబర్లో సాయంత్రం ఐదింటికే పొద్దు వాలిపోతుంది. కనక పొద్దున్నే లేవాలి. అంతే. ఇంతకు మించి రాసుకుంటే మళ్లీ కాగితమే అవుతుంది.

మా తోడల్లుడి కాగితంలో ఖాళీ రోజు లేదు. ఖాళీ గంట కూడా లేదు. ఆయనతో ఒకసారి అరకు వెళ్లాం. తెల్లారకముందే లేపి కార్లో కుక్కాడు. బొర్రా గుహల్లో నేను పైకి చూస్తూ నిలబడితే, వెనకనుంచి ‘అన్నయ్యగారూ, పది నిమిషాలు లేటు’ అన్నాడు. ఎవరికి లేటో, ఎందుకు లేటో చెప్పలేదు. లక్షల ఏళ్లుగా బొట్టుబొట్టుగా కారుతున్న రాయి ముందు నిలబెట్టి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! వెదురుబొంగు చికెన్ దగ్గర కూడా అంతే. అది ఉడకడానికి పట్టే సమయం కాగితంలో లేదని, సగం ఉడికిందే తినిపించాడు. ఆ రాత్రి ఎవరెవరికి ఏమేమైందో ఇక్కడ రాయను. కానీ ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ‘అరకు ఎంత బాగా జరిగిందో’ అంటాడు. నేను పెరుగన్నం వైపు చూస్తూ ఉంటాను.

ఆయన అండమాన్ ఇదివరకోసారి వెళ్లాడు. హేవ్‌లాక్‌కి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కి, ఏసీ కాటమరాన్‌లో వెళ్లాడు. అందులో కిటికీ తెరుచుకోదు, గాలి తగలదు, ఉప్పు వాసన రాదు, ఎదురుగా తెర మీద సినిమా పాటలు. గంటన్నరలో దించేస్తుంది. తిరిగి వచ్చే రోజున గాలి లేచి ఆ పడవ కదల్లేదుట. దాని మీద ఆయన ఫిర్యాదు ఇప్పటిదాకా సాగుతూనే ఉంది. సముద్రంలో గాలి లేవకూడదని ఎవరు చెప్పారో! 2016 డిసెంబర్లో వాయుగుండం పట్టి, హేవ్‌లాక్‌లోనూ నీల్ దీవిలోనూ వెయ్యి మందికి పైగా యాత్రికులు చిక్కుకుపోతే, నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఆ వాయుగుండమే తర్వాత వార్దా తుపానై చెన్నైని ఊడ్చేసింది. మా తోడల్లుడు అప్పుడు అక్కడ ఉంటే తుపానుకి కూడా ఒక స్టార్ రేటింగ్ ఇచ్చి ఉండేవాడు.

ఇన్నాళ్లుగా ఆ పటం ముందు కూర్చుని నేను తేల్చుకున్నదొకటుంది. ఆ దీవుల్లో నిశ్శబ్దం దానంతటది లేదు. ఓడలు తక్కువ కాబట్టి ఉంది. హేవ్‌లాక్ ఇసుక గొప్పదే, లాంగ్ ఐలండ్‌లోని లాలాజీ బే ఇసుకా గొప్పదే. దానికి గంటన్నరలో దించే కాటమరాన్లున్నాయి. దీనికి వెళ్లాలంటే ఓడ దొరికే రోజు చూసుకుని, దిగాక అడవి దారిన నడిచి, లేదా డుంగీ పడవ మాట్లాడుకుని వెళ్లాలి. తేడా అంతా అక్కడే. హట్ బేకి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేగంగా పోయే పడవలు వేస్తే, అక్కడి బట్లర్ బే ఒడ్డున ఆర్నెల్లలో చిప్సు బళ్లు లేస్తాయి. ‘చక్కటి చోటు, కానీ చేరడం కష్టం’ అనేవాళ్ల వాక్యంలో ‘కానీ’ తీసి ‘కనుక’ పెట్టాలి.

అలాగని అక్కడ చరిత్ర నిద్రపోతోందని కాదు. లాంగ్ ఐలండ్‌లో ఒకప్పుడు ప్లైవుడ్ మిల్లు నడిచింది. మాయాబందర్ దగ్గర వెబి ఊళ్లో ఉన్న కరెన్‌లు 1925లో బర్మా నుంచి అడవి పనులకి వచ్చినవాళ్ల సంతతి. లిటిల్ అండమాన్‌లో సర్కారే అడవి కొట్టి పామాయిల్ తోట వేసింది. ఆ పని 2002 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులతో ఆగింది. రెండేళ్లకి 2004 డిసెంబర్ 26న సునామీ హట్ బేని తుడిచిపెట్టింది. అదే దీవిలో డుగాంగ్ క్రీక్ వైపు నూటికి కాస్త అటూ ఇటూగా మిగిలిన ఓంగీ తెగవాళ్లున్నారు. అటు మనం వెళ్లకూడదు, వెళ్లం. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్‌ని 2020 ఆగస్టులో ప్రారంభించారు. అది లాంగ్ ఐలండ్‌కీ, లిటిల్ అండమాన్‌కీ కూడా వెళ్లింది. అంటే ఇక మా తోడల్లుడు నన్ను అక్కడ కూడా వాట్సాప్‌లో పట్టుకోగలడు. దీవివాళ్లకి మంచే జరిగింది; నాకు జరిగింది మాత్రం వేరు.

దీవివాళ్లంటే గుర్తొచ్చింది. ఆ సర్కారు ఓడలు మన షికారుకి వేసినవి కావు. ఐలాండర్లకి టికెట్టు చవక, సీటు కూడా ముందు వాళ్లకే. పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి రావాలన్నా, పిల్లని కాలేజీలో చేర్చాలన్నా, పంట అమ్మాలన్నా వాళ్లకి ఆ ఓడే బస్సు. కౌంటరు దగ్గర ‘టికెట్లు అయిపోయాయి’ అంటే కసురుకోకుండా పక్కకి జరగాలి. వాళ్లు రేవు దగ్గర మూటల మీద కూర్చునే తీరు నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు కోటిపల్లి రేవులో చూసిందే.

మా అమ్మమ్మది ముక్తేశ్వరం వైపు. అటు నుంచి ఇటు కోటిపల్లికి రావాలంటే గౌతమి దాటాలి, పంటు మీదే. మనుషులు, సైకిళ్లు, గేదెలు, మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లికొడుకులు అన్నీ దాని మీదే. నాకు పంటంటే ప్రాణం. రెయిలింగ్ పట్టుకుని నీళ్లలోకి వంగేవాణ్ణి. అమ్మమ్మ మాత్రం గోదారికి వీపు పెట్టి కూర్చునేది. ‘చూడవేం అమ్మమ్మా’ అంటే ‘రోజూ చూసే మొహమేగదరా’ అనేది. ఆవిడకి కావలసింది వంతెన. ఎదుర్లంక దగ్గర 2002లో వంతెన పడితే, ‘వాళ్లకేం పుణ్యాత్ములు’ అని నెలరోజులు ఏడ్చింది. వంతెనుంటే కోటిపల్లి సోమేశ్వరస్వామిని చూసుకుని, వెలుగుండగానే ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పడెయ్యొచ్చని ఆవిడ లెక్క. కోటిపల్లి దగ్గర రైలు వంతెన పని ఏళ్ల తరబడి సాగింది. ఆవిడ మాత్రం పంటు దిగకుండానే వెళ్లిపోయింది.

అలాగని ఆవిడ రేవు దగ్గర పడిగాపులు పడిందనుకుంటున్నారేమో, అదేం లేదు. ఒడ్డున ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మే ఆమెతో అమ్మమ్మ బేరం మొదలెట్టిందంటే పంటు కదిలేది కాదు. ఇంజను టకటకలాడుతూ ఉండేది, గేదెలు తోకలూపేవి, సరంగు గొంతు చించుకునేవాడు. ‘ఇంకో పిడికెడు వెయ్యకపోతే నేనెక్కను, ఏం చేసుకుంటారో చేసుకోండి’ అనేది అమ్మమ్మ. పుట్టింటివైపు నుంచి ఏదో వరస కలిపి సరంగుని ‘అల్లుడూ’ అని పిలిచేది గనక, వదిలేసి పోదామంటే వాడికి మొహమాటం. చివరికి వాడే దిగొచ్చి, తన డబ్బులతో ఇంకో పొట్లం కొని ఆవిడ చేతిలో పెట్టి, చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. ఎక్కి కూర్చుని పొట్లం విప్పి, మొదటి కాయ వలిచి నోట్లో వేసుకుని, ‘ఉప్పు తక్కువైందిరా అల్లుడూ, పంటు వెనక్కి తిప్పు’ అనేది.