గ్యాసుపొయ్యి నేర్పిన పాఠము

మాయింట చాలకాలము కట్టెలపొయ్యియే యుండెను. రాజవొమ్మంగి కొండలలో కట్టెలకు కొదువ లేదు గాని, వానకాలపు పచ్చికట్టెల పొగకు ఇంటివారి కన్నులు మండుచుండెడివి. గ్యాసుపొయ్యి వచ్చినపుడు కష్టములన్నియు తీరినవని సంతసించితిమి. దానికిని సంరక్షణ కావలెనని తలపమైతిమి.

ఒకనాటి వేకువను వంటయింటి తలుపు తీయగానే దుర్గంధము సోకెను. చీకటిలో దీపపు మీట వేయుటకు చేయి చాచితిమి. ఇంతలో మా కుమార్తె వెనుకనుండి “నాన్నగారూ, మీట ముట్టకండి!” అని కేక వేసెను. ఈ వాయువునకు స్వతస్సిద్ధమైన వాసన లేదనియు, కారినచో తెలియుటకై మెర్కాప్టను కలుపుదురనియు, అది గాలికంటె బరువగుటచే నేలనంటి నిలుచుననియు, మీటలో పుట్టు చిన్న నిప్పురవ్వయే చాలుననియు తరగతిలో బోధించినవారము మేమే! చెప్పిన మేము మరచితిమి. విన్న బాలిక మరువలేదు.

తలుపులు, కిటికీలు తెరచి, తడవుచు రెగ్యులేటరు కట్టి, అందరము బయటికి వచ్చితిమి. తెల్లవారినపిదప చూడగా రబ్బరు గొట్టము బీటలు వారియుండెను. అయిదేండ్లకొకసారి మార్చవలసినదానిని ఏడేండ్లు వాడితిమి.

బాలబాలికలారా! సిలిండరు నిలువుగానే యుండవలెను. పొయ్యి దానికంటె ఎత్తున నుండవలెను. రాత్రి పరుండబోవునపుడు రెగ్యులేటరు కట్టవలెను. గ్యాసు కారుచున్నదేమో సబ్బునీటితో చూడవలెనేగాని అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు. కారినచో బయటికి వచ్చి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. నేటి సాయంకాలము మీ తలిదండ్రులతో కూడి మీ యింటి గొట్టము నొక్కసారి పరీక్షింపుడు.